ఫర్జానా సూపర్‌వైజరు పంచాయితీ

కోట అనే ఊరి దగ్గర రొయ్యల ప్లాంటులో ఫర్జానా పదకొండేళ్లుగా రొయ్యలు ఏరి వేరు చేస్తోంది. రొయ్యను చేత్తో పట్టుకుంటే చాలు, అలాంటివి కిలోకు ఎన్ని తూగుతాయో చెప్పేస్తుంది. అయినా సూపర్‌వైజరు ఉద్యోగం మూడుసార్లు ఆమెను దాటిపోయింది. మూడోసారి అది ఆమె దగ్గరే పని నేర్చుకున్న వినీలకు దక్కింది.

సూపర్‌వైజరుకు నైట్ షిఫ్టు ఉంటుంది. ఫర్జానాను ఇంట్లోవాళ్లు పంపరని మేనేజరు ప్రవీణ్ తనంతట తనే తేల్చేశాడు. వినీల విషయంలో ఆ అనుమానం రాలేదు, ఇంకో సూపర్‌వైజరు ఆఫ్తాబ్ విషయంలోనూ రాలేదు.

"మా ఆయన గురక ఇన్నాడంటే ప్రవీణ్ సారే జాలిపడి నైట్ షిఫ్టు ఇస్తాడన్నా," అంది ఫర్జానా నాతో. యూనియన్ ఆఫీసులో అర్జీలు రాసేది నేనే. రాసిచ్చాను.

ప్లాంటులో ఆడవాళ్ల కమిటీ ఒకటుంది. దాని పెద్ద కామాక్షి అర్జీ చదివి, "ఆడోళ్లకేం అన్యాయం జరగలా ఫర్జానా. సూపర్‌వైజర్లలో ముగ్గురు ఆడోళ్లే గదా. ఇది మీ ముస్లింల సంగతి," అంది. మైనారిటీల కమిటీ పెద్ద మీరా మొహిద్దీన్ టీ తాగించి మరీ, "మనోళ్లకేం తక్కువమ్మా? ఆఫ్తాబ్ ఉండాడు గదా. ఇది ఆడోళ్ల సంగతి," అన్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

అర్జీ లేబర్ ఆఫీసరు వెంకటశేషమ్మ గారి దగ్గరకు పోయింది. ప్రవీణ్ రెండు జాబితాలు తెచ్చాడు. ఒకటి ఆడవాళ్లది, రెండోది ముస్లింలది. రెండింట్లోనూ సూపర్‌వైజర్లు ఉన్నారు. ఆవిడ తలూపింది. ఇక అర్జీ బుట్టదాఖలే అనుకున్నాను.

ఫర్జానా లేచింది. "సార్, పెద్ద రొయ్యకు ఒక ట్రే. పెంకు మెత్తబడినదానికి ఒక ట్రే. పెద్దదే, పెంకూ మెత్తబడినాది. ఏ ట్రేలో ఎయ్యమంటారు?"

ప్రవీణ్‌కు రొయ్యలంటే ప్రాణం. "దేంట్లోనూ కలపగూడదు! దానికి వేరే ట్రే. ఇడిగా చూడకపోతే అవెన్ని ఉండాయో ఎట్ట తెలస్తాది?" అని కసిరాడు.

"మరి నన్నూ ఇడిగా చూడండి సార్."

ఆఫీసరమ్మకు నవ్వాగలేదు. "ముస్లిం ఆడవాళ్లు అని ఇంకో వరస గీసి, సూపర్‌వైజర్లు ఎంతమందో మీ చేత్తోనే రాయండి," అంది. ప్రవీణ్ కాసేపు పెన్ను నమిలి, చివరికి సున్నా చుట్టాడు. నైట్ షిఫ్టు సంగతి ఇంట్లోవాళ్లను కాదు, ఫర్జానానే అడిగి ఉద్యోగమిమ్మని ఆవిడ అక్కడికక్కడే ఉత్తర్వు రాసింది.

బయటికొచ్చాక చూస్తే ఫర్జానా కళ్ల నిండా నీళ్లు.

"గెలిచినావు గదమ్మా, ఏడుపెందుకు?" అన్నాను.

"పదకొండేళ్లకు నాలాటోళ్లు ఎంతమందని ఒకరు లెక్కజూసినారన్నా," అంది.