ట్యూబ్‌లైట్ కింద రేడియో

నా చిన్నప్పుడు ఉయ్యూరులో మా వీధి మొత్తానికి మొదటి ట్యూబ్‌లైట్ మాదే. పెద్ద రేడియో కూడా మాదే. ముందుగదిలో ఆ లైటు కిందే బల్ల వేసి, అమ్మ అల్లిన లేసుగుడ్డ కప్పి, రేడియోను దేవుడి పటంలా చూసుకునేవాళ్లం. ఇంత ఉండీ ఏం లాభం? సాయంత్రం పాటలకు పిల్లలంతా పక్కింటి అక్క దగ్గరికే పోయేవాళ్లు. వాళ్లింటికి ఇంకా కరెంటే రాలేదు. అరుగు మీద బ్యాటరీల ట్రాన్సిస్టర్ ఒకటి, అరచేయంత. అది ఖంగున పలికేది. మాది పొద్దుగూకేసరికి కందిరీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. నాన్న దాని నెత్తిన మొట్టి, సాయంత్రాలు స్టేషన్ వాళ్లు సరిగ్గా వెయ్యరని తిట్టి, కట్టేసేవారు.

ఆ అక్కంటే నాకు ఒళ్లుమంట. నవ్వినా కుళ్లే, జడ వేసుకున్నా కుళ్లే. ఆ ట్రాన్సిస్టర్ కిందపడి పగలాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న రోజులూ ఉన్నాయి.

అలాంటిది, నేను బెజవాడ వెళ్లి రేడియోలో పిల్లల కార్యక్రమానికి పాట పాడి వచ్చాను. ఆదివారం సాయంత్రం వస్తుందన్నారు. వీధివాళ్లంతా అక్క వాళ్ల అరుగు మీద వింటామన్నారు. నా పాట, వాళ్లింట్లో! నాకు అన్నం సయించలేదు. ఇల్లిల్లూ తిరిగి, మా ఇంటికే రావాలని ఒట్లు పెట్టించుకున్నాను.

వచ్చారు. గది నిండిపోయింది. నాయనమ్మ ట్యూబ్‌లైట్ వేసి దణ్ణం పెట్టుకుంది, నాన్న రేడియో తిప్పారు. మళ్లీ అదే రొద, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. వెనకెవరో పక్కింటికి పోదామంటూ లేచారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

గుమ్మంలో నిలబడ్డ అక్క అడిగింది. "బాబాయ్ గారూ, పగలు కూడా ఇలాగే ఉంటుందాండీ?"

పగలు బాగానే పాడుతుందన్నారు నాన్న. అయితే ఒక్కసారి లైటు ఆర్పి చూడమంది అక్క. నాయనమ్మ కయ్యిమంది. "దీపాలు పెట్టే వేళ లైటు ఆర్పుతారుటే? లక్ష్మీదేవి గుమ్మందాకా వచ్చి తిరిగిపోదూ!"

అక్క వెళ్లి, వాళ్లింట్లో వెలుగుతున్న లాంతరు తెచ్చి బల్ల మీద పెట్టి, దీపం ఉంది కదా మామ్మగారూ అని, ట్యూబ్‌లైట్ స్విచ్చి ఆపేసింది. రొద టక్కున ఆగింది. ఇంకా కాస్త గుర్రు మిగిలింది. గోడ మీద కరెంటు వైరు పక్కనే పాకిన ఏరియల్ తీగను లాగి, కిటికీ అవతల దండేనికి తగిలించింది. అదీ పోయింది. కాసేపటికి లాంతరు వెలుగులో నా గొంతు వచ్చింది, వాళ్ల ట్రాన్సిస్టర్‌లో కన్నా శుభ్రంగా.

పాటయ్యాక అందరూ అక్క తెలివినే మెచ్చుకున్నారు. నా పాట ఊసెత్తినవాళ్లు లేరు. అందరూ వెళ్లాక, నీకెలా తెలిసిందని విసురుగా అడిగాను.

"మీ లైటు వెలుగు మా అరుగు చివర పడుతుంది కదే. చదువుకోవడానికి రేడియో పట్టుకుని అటు జరిగితే చాలు, గొణుగుతుంది. మీ కిటికీ చూసి ఏడవని రోజు లేదు నాకు" అంది. ఆ తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "ఇప్పుడు లైటు వేస్తావా? ఒక్కసారి లోపల కూర్చుని చూస్తాను" అంది.

స్విచ్చి వేశాను. అక్క దాని కింద కూర్చుని, పండిన గోరింటాకు చూసుకుంటున్నట్టు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. నేను కుళ్లుకున్న మనిషి, ఇన్నాళ్లూ మా గోడ అవతల నన్ను చూసి కుళ్లుకుంటూ కూర్చుంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు విజయవాడలో మా ఫ్లాట్ నిండా ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు. స్పీకరు గుర్రుమంటే మనవరాలు కొత్తది కొందామంటుంది. నేను ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ పోతాను, దొంగ దొరుకుతుంది. కుళ్లు మాత్రం ఈ వయసులోనూ పోలేదు. ఎదుటి ఫ్లాట్ వాళ్ల బాల్కనీ చూస్తే ఇప్పటికీ కడుపులో రొద మొదలవుతుంది. అప్పుడు లేచి మా కిటికీ తెర పక్కకు లాగి, మా ఇంటి వెలుగు ఎవరి అరుగు దాకా పడుతోందో చూస్తాను.