మిట్ట మీద ఆగిన ఫట్‌ఫటి

నేను పానగల్ క్యాంపుల దిగింది మృగశిర మొదటి వాన రోజు. నల్లగొండ నుంచి లారీల వచ్చిన. టైము మధ్యాహ్నం రెండున్నర. నా కాడ ఒక తుపాకి, నలభై తూటాలు, ఒక కంబళి, ఒక ఇనుప పళ్లెం, పానాల సంచి ఉండె. తుపాకి అక్కడ ఒక్కసారి సుత పేల్చలే. పానాల సంచి ఒక్క రోజు సుత ముయ్యలే.

ఫౌజుల ఏం చేసినవని మీరు అడుగుతరు. మోటర్లు బాగు చేసిన. అందరు నన్ను మిస్త్రీ అనేటోళ్లు.

క్యాంపు రోడ్డుకు ఎడమ దిక్కు, గుండ్ల నడుమ ఉండె. రెండు డేరాలు, ఒక రేకుల కొట్టం, నాలుగు లారీలు. ఇరవై ఆరు మందిమి. క్యాంపు ముంగట రోడ్డు పట్నం దిక్కు మిట్ట ఎక్కుతది. ఫర్లాంగున్నర ఎక్కుడు, అటెన్క దిగుడు. మాకు వచ్చిన హుకుం ఒక్కటే. రోడ్డు మీద వచ్చేటోళ్లను పోయేటోళ్లను చూడాలె, లారీలు ఎప్పుడంటె అప్పుడు నడిచేటట్టు ఉంచాలె.

హవల్దార్‌ది మహబూబ్‌నగర్ దిక్కు. మోకాలు నొప్పి మనిషి. గడియారం చూడకుండ మాట మాట్లాడడు. వైర్‌లెస్ ఆపరేటర్ సన్నగ పుల్ల లెక్క ఉండేటోడు. చెవుల మీది డబ్బలు తీసేది అన్నం కాడనే.

ఆ నెలలు సర్కారుకు మంచివి కావు. ఊర్లల్ల జనం గడీల మీదికి లేచిన్రు. దొరలు ఒక్కొక్కలే గడీలు ఇడిసి నల్లగొండల కిరాయి ఇండ్లల్ల చేరుతున్నరు. మా రోడ్డు మీదికెల్లే పోయేది. నేను ప్రతి బండిల ఒక మొఖం కోసం చూసేది. ఆ మొఖం ఆఖరుకు చూసి ఎన్నేండ్లయిందంటరా? పన్నెండేండ్లు. గని మరువలే.

ఎందుకో చెప్త.

మాది భువనగిరికి నాలుగు కోసుల ఊరు. భూమి లేనోళ్లం. మా బాపు ఎల్లయ్య దొర గడీల వెట్టి చేసేది. కూలి లేదు, తిండి లేదు, పిలిస్తె పోవాలె, గంతే. దొర పట్నం నుంచి ఒక ఫట్‌ఫటి, అదే మోటరు సైకిలు, తెచ్చిండు. చుట్టుపక్క ఊర్లల్ల అదే మొదటిది. ఒక వాననాడు పొద్దుగాల అది ఊరి బయట వాగు కాడ ఆగిపోయింది. దొర మనిషి మా ఇంటికి వచ్చిండు. బాపుకు చలిజెరం. కంబళి కప్పుకొని వణుకుతున్నడు. "జెరం ఉంది, జర చెప్పు" అన్నది మా అమ్మ. "దొర రోడ్డు మీద నిలబడ్డడు, నీ మొగనికి జెరమా?" అన్నడు ఆ మనిషి.

బాపు, ఇంకొకాయిన కలిసి ఆ బండిని గుట్ట మీదికి నూకిన్రు. దొర దిగలే. పైన కూసుండె. దిగుంటె బరువు సగం తగ్గేది. నేను ఎన్క ఉరుక్కుంట పోయిన. గుట్ట మీద బాపు బోర్లపడ్డడు. అటుపక్క దిగుట్ల బండి షురూ అయ్యింది. దొర ఎన్కకు తిరిగి చూడలే.

మూడో రోజు బాపు సచ్చిపోయిండు. పోయే ముందు మాట నాతోనే. "అది ఎందుకు షురూ కాలేదురా?" అన్నడు.

నాకు జవాబు తెల్వదు. ఆ జవాబు కోసమే పట్నం పోయిన. మోటరు కార్ఖానల నేల ఊడ్చిన, పానాలు అందిచ్చిన, నేర్చుకున్న, ఫౌజుల చేరిన. ఇంజన్ తెరిచినప్పుడల్ల నా మనసుల రెండు పనులుండేవి. ఒకటి ముంగటున్న బండి. రెండోది దొర.

ఉత్తర కార్తెల ఒకనాడు పొద్దుగాల ఏడింటికి ఆపరేటర్ చెవుల డబ్బలు తీసి హవల్దార్ దిక్కు చూసిండు. "తూర్పుకెల్లి ఇండియా ఫౌజు వస్తున్నది సాబ్. మనల్ని పట్నం దిక్కు జరుగుమన్నరు. పదకొండు గంటలకు."

హవల్దార్ గడియారం చూసిండు. "మిస్త్రీ, నాలుగు లారీలు?"

"మూడు తయ్యారు సాబ్. నాలుగోది గంటల అయితది."

ఎనిమిదింటికి నాలుగో లారీ అయ్యింది. ఎనిమిదీ ఇరవైకి ఒక మనిషి ఫట్‌ఫటిని నూకుకుంట క్యాంపుల జొచ్చిండు. తెల్ల షేర్వాని తడిసి ఒంటికి అతుక్కుంది. కాళ్లకు బురద. మీసాలు తెల్లబడ్డయి. నేను బండిని ముందుగాల గుర్తువట్టిన, మనిషిని తర్వాత.

దొర.

"హవల్దార్ సాబ్, నన్ను లారీల ఎక్కిచ్చుకోండ్రి" అన్నడు.

"సిపాయిలకే జాగా లేదు" అన్నడు హవల్దార్.

"అయితె మిస్త్రీని ఇయ్యండ్రి. ఇది నడిస్తె నేనే పోత. నా మనుషులు తెల్లారేసరికి లేరు. అందరు పోయిన్రు."

హవల్దార్ నా దిక్కు సైగ చేసిండు. బండిని రేకుల కొట్టం కిందికి తెచ్చిన. దొర నన్ను ఎరుగలే. నేను ఖాకీల ఉన్న. మా వాడ మనుషుల మొఖాలు ఆయిన ఎన్నడు చూసిండు గనుక?

పని మొదలువెట్టిన. పెట్రోల్ నల్ల తిప్పిన, కార్బురేటర్ కాడ నొక్కిన. పెట్రోల్ పొంగింది. అంటె తిండి అందుతున్నది. ప్లగ్ ఇప్పిన, తుడిచిన, వైరు తగిలిచ్చి ఇంజన్ మీద పండవెట్టి కిక్కు కొట్టిన. నిప్పురవ్వ లేదు. ప్లగ్ మార్చిన. అయినా లేదు. ఇగ మిగిలింది మేగ్నెటో. నిప్పు పుట్టేది అందులనే. మూత తీసిన.

లోపట రెండు పాయింట్లుంటయి. ఒక చిన్న చెయ్యి లెక్కది వాటిని కలుపుతది, ఇడదీస్తది. ఆ చెయ్యి తిరిగే కాడ గట్టి అట్టతోటి చేసిన చిన్న గొట్టం ఉంటది. వానకు చెమ్మ తాకి ఆ గొట్టం ఉబ్బింది. చెయ్యి బిగుసుకపోయింది. పాయింట్లు కలుస్తలేవు.

గంతే. ఎమెరీ కాగితంతోటి రెండు నిమిషాలు రుద్దితె అయిపోతది. టైము ఎనిమిదీ నలభై. పన్నెండేండ్ల కింద బాపు అడిగినదానికి జవాబు నా బొటనవేలి కింద ఉన్నది. గోరంత.

మీకు నిజం చెప్త. నా చేతులు ఎమెరీ కాగితం తీసినయి. చేతులకు అలవాటు. రుద్దుడు సుత మొదలువెట్టిన. అప్పుడు దొర నోరు తెరిచిండు.

"వానకు దీనికి ఎప్పుడూ గిదే రోగం" అన్నడు. "కొన్నప్పటి సంది గింతే. గంట సేపు పొడి జాగాల పెడితె దానంతట అదే షురూ అయితది. ఇయ్యాల గంట సుత భయమైతున్నది."

నా చెయ్యి ఆగింది.

"ముందటి సంది ఎరికేనా దొరా?"

"ఎరికే."

"మరి ఊర్ల ఉన్నప్పుడు ఆగేటోళ్లా, ఆరేదాక?"

ఆయిన నవ్విండు. చెడ్డగ సుత కాదు, మామూలుగ. "అప్పుడు నూకేటోళ్లు ఉండిరి. ఎవడు ఆగుతడు?"

నేను తల వంచుకొని ఆ చిన్న చెయ్యిని పూర్తిగ ఊడదీసిన. అంగి జేబుల ఏసుకున్న. మేగ్నెటో మూత పెట్టి బిగిచ్చిన.

"ఆరబెడితె ఇయ్యాల కాదు దొరా" అన్న. "నూకాలె. మిట్ట ఎక్కిస్తె అటుపక్క దిగుట్ల షురూ అయితది."

"ఇద్దరు సిపాయిలను పిలువు."

"వాళ్లు లారీలకు సామాన్లెక్కిస్తున్నరు. మీరే నూకాలె."

"నువ్వు?"

"పైన నేనుండాలె. గేరు, బ్రేకు నేను చూస్త. ఇంజన్ పలికిందంటె కార్బురేటర్ సర్దాలె."

దొర నా దిక్కు చూసిండు. రోడ్డు దిక్కు చూసిండు. తూర్పు దిక్కు ఉరుము లెక్క ఒకటి వినవడ్డది. అది ఉరుము కాదు. షేర్వాని గుండీలు ఇప్పిండు.

హవల్దార్ నా కాడికి వచ్చి చిన్నగ అడిగిండు. "ఏంది కథ?"

"మా బాపును సంపిన మనిషి సాబ్."

ఆయిన గడియారం చూసిండు. "తొమ్మిదయితున్నది. పదకొండుకు లారీ కదులుతది. నేను ఏం చూడలే."

నేను ఎక్కి కూసున్న. దొర నూకిండు. పది అడుగులు, నిలబడుడు. నేను బ్రేకు వట్టుడు. మల్ల పది అడుగులు. మిట్ట మీది నీళ్లు రోడ్డు పొంటి కిందికి పారుతున్నయి. ఆయిన బూట్లు జారుతున్నయి. ఒకపారి మోకాళ్ల మీద పడ్డడు. లేచిండు. నా ఎన్క ఆయిన దమ్ము కొలిమితిత్తి లెక్క వినవడుతున్నది. నేను దిగలే. దిగుంటె బరువు సగం తగ్గేది. అది నాకు మంచిగ ఎరికే.

సగం మిట్ట కాడ "మిస్త్రీ, జర నీళ్లు" అన్నడు. నా నడుముకు నీళ్ల సీసా ఉంది. ఇయ్యలే. మీరు తప్పంటె అనుండ్రి. నాకు ఇప్పటికి బాధ లేదు.

"జల్దీ దొరా" అన్న. "ఫౌజు వస్తున్నది."

పదీ ఇరవై అయిదుకు మిట్ట ఎక్కినం. దొర రోడ్డు మీద కూలవడ్డడు. అరచేతులు బొబ్బలు లేచి పగిలినయి. నేను బండి దిగి స్టాండేసిన. జేబులకెల్లి ఆ చిన్న చెయ్యి తీసి ఆయిన కండ్ల ముంగట పట్టిన.

"ఇది లేకుండ బండి షురూ కాదు. ఎనిమిదీ నలభై నుంచి నా కాడనే ఉంది."

ఆయినకు మొదలు సమజ్ కాలే. తర్వాత అయ్యింది. "ఎందుకురా?" అన్నడు. కోపం లేదు, దమ్మే లేదు.

"ఎల్లయ్య కొడుకును. భువనగిరి దిక్కు మీ ఊరే. వాగు కాడికెల్లి గుట్టదాక నూకిండు. జెరంతోటి. మూడో రోజు సచ్చిపోయిండు."

పన్నెండేండ్లు ఈ మాటను నేను ఎన్ని తీర్ల అనుకున్ననో. ఆయిన ఏడుస్తడనుకున్న. కాళ్లు వట్టుకుంటడనుకున్న. లేకుంటె మా బాపును తిడతడు, నేను కొడత. అన్నిటికి తయ్యారుగ ఉన్న.

దొర నొసలు ముడిచి సోంచాయించిండు. నిజంగనే యాది చేసుకున్నడు. నేను చూసిన.

"ఎల్లయ్య..." అన్నడు. "ఎవడు? మస్తు మంది నూకిన్రు."

నేను ఇంకోపారి చెప్పిన. బాపు ఎట్లుండేటోడో చెప్పిన, ఎడమ చెవికి పోగుండె అన్న. ఆయిన తల ఊపిండు. లేదు, యాదికి లేదు.

కొట్టనీకె చెయ్యి లేపిన. ఎవ్వనిని కొట్టాలె? నేను సంపుదామనుకున్న మనిషికి ఆ సంగతే తెల్వదు. ఆ చిన్న చెయ్యిని రోడ్డు పక్క పొలంల బురదలకు ఇసిరేసిన. టప్పుమన్నది. క్యాంపుకు నడుచుకుంట దిగిన.

పదకొండుకు లారీలు కదిలినయి. రెండు రోజులకు పట్నం దాపున ఇండియా ఫౌజోళ్లు మా హత్యార్లు కింద పెట్టిచ్చిన్రు. కొన్నాళ్లు ముళ్ల తీగల నడుమ ఉంచి, ఇగ ఫౌజు లేదు పోండ్రి అన్నరు. పానాల సంచి సుత గుంజుకున్నరు. కంబళితోటి ఇంటికి పోయిన.

మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తున్నది. అంత చెప్పిన. ఆమె పిండి చేతులతోనే విన్నది.

"నూకిండా?"

"నూకిండు."

"మిట్ట ఎక్కినదాకనా?"

"ఎక్కినదాక."

"మీ నాయిన పేరు చెప్పినవా?"

"చెప్పిన. యాదికి లేదన్నడు."

పెనం మీది రొట్టె మాడింది. అమ్మ దాన్ని తీసి అవతల పడేసి, ఇంకోటి తట్టి నాకు పెట్టింది. ఆ ముచ్చట మల్ల మా ఇంట్ల ఎన్నడు తియ్యలే.

దొర ఏమయ్యిండో నాకు తెల్వదు. ఇండియా ఫౌజు పట్టుకపోయిందని ఒకలు, పట్నంల బతికిండని ఒకలు చెప్పిన్రు. నేను అడగవోలే. ఆఖరుకు చూసింది ఆ రోజే, లారీ ఎన్క పలక మీద కూసోని.

లారీ మిట్ట ఎక్కింది. దొర బండి పక్కన రోడ్డు నడుమ నిలబడ్డడు. మమ్ముల ఆపమని సుత అడగలే. అటుకెల్లి ఒక గొల్లామె మేకలను తోలుకొని వస్తున్నది, వానకు నెత్తి మీద గొంగడి కొప్పెర. దొర ఆమె దిక్కు చెయ్యి ఊపిండు.

"ఏయ్, ఇటు రా! జర నూకు!"

ఆమె ఆగలే. తలకాయ సుత తిప్పలే. మేకలు మాత్రం ఆయిన కాడికి వచ్చినంక రెండు పాయలై, ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క, బండిని మనిషిని రాయిని దాటినట్టు దాటి, మల్ల ఒక్కటై కిందికి పోయినయి. దొర చెయ్యి ఇంక పైకి లేచే ఉంది.