పంజగుట్ట గోడ మీద కుంటాల

శ్రావణమాసం, శుక్రవారం, పొద్దున పదిన్నర. అమీర్‌పేట మీదుగా మెట్రో తిరగడం మొదలైన మరుసటి వానాకాలం. పంజగుట్ట చౌరస్తా దగ్గర కొత్తగా పెట్టిన ఒక టిఫిన్ హోటల్లో, చేతులు కడుక్కునే చోటు పక్కనున్న పెద్ద గోడకు సీనరీ వేసే పని నాకు అప్పజెప్పారు. మర్నాడే హోటల్ ప్రారంభం.

ముందు మా పని సంగతి చెప్పాలి. అమీర్‌పేటలో మా బోర్డుల దుకాణంలో పెయింటర్లు రెండు రకాలు. అక్షరాలు రాసేవాడు పెద్ద, బొమ్మలు వేసేవాడు అతని తర్వాత. నాకు అప్పట్లో చదువు రాదు కాబట్టి సీనరీలకు పెట్టారు. నలభై దాటాక రాత్రిబడికి పోయి చదవడం, రాయడం నేర్చుకున్నా దుకాణంలో నా స్థానం మారలేదు. అక్షరాలు యూసుఫ్ భాయ్‌వి, కొండలు నావి.

సీనరీకి ఒక పద్ధతి ఉంది. ఫొటో మీద గళ్లు గీస్తాం. గోడ మీద అవే గళ్లు సుద్ద రాసిన దారంతో పెద్దగా కొడతాం. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి ఎక్కిస్తాం. ఆ తర్వాత గోడ నిండుగా కనబడాలని కొబ్బరిచెట్లు, హంసలు, ఎర్రపూలు, వెనక ఒక సూర్యుడు కలుపుతాం. అవి ఆ చోట ఉంటాయా అని ఎవరూ అడగరు. అట్లా నేను లెక్కలేనన్ని జలపాతాలు వేశాను. ఒక్కటీ కంటితో చూడలేదు.

నా భార్య రాజవ్వది ఆదిలాబాద్ దిక్కు, కుంటాల జలపాతానికి దగ్గరి ఊరు. నేను అత్తగారింటికి పోయేది పెళ్లిళ్లకు, చావులకు. పని కాగానే బస్సెక్కేవాణ్ణి. "ఒకసారి కుంటాల దాకా పోదాం" అని ఆమె అన్నప్పుడల్లా, రోజూ వేసేదే కదా అనేవాణ్ణి.

హోటల్ యజమాని ప్రసాద్ గారిది రాజమండ్రి వైపు. జలపాతం ఏదైనా సరే అన్నారు. రాజవ్వ ఫోన్లో కుంటాల ఫొటో ఉంటే దానికే గళ్లు గీశాను. ఆ సంగతి తెలిసి ఆమె శుక్రవారం నా టిఫిన్ డబ్బా తానే పట్టుకొచ్చింది. డబ్బా కింద పెట్టకుండానే గోడను చూసింది.

"గీ హంసలు ఏడికెల్లి వచ్చినయ్? మా కాడ ఉండయ్."

గోడ నిండుగా ఉండాలని వేశానన్నాను.

"మరి గా మోదుగుపూలు? మోదుగు పూసేది శివరాత్రి దిక్కు. అప్పటికి నీళ్లు దారమంతనే ఉంటయ్. గింత నీళ్లున్నప్పుడు దానికి ఆకులే. ఏడాదంత తెచ్చి ఒక్క గోడకే గుద్దినవ్."

హోటల్ బోర్డు రాస్తూ నిచ్చెన మీదున్న యూసుఫ్ భాయ్ నవ్వాడు. "భాభీ, రంగు ఇంక పచ్చిగనే ఉంది. జర మెల్లగ తిట్టు."

అంతలో ప్రసాద్ గారు వచ్చారు. "బాగుందండీ మల్లేశం గారూ. ఇంకో జంట హంసలు వెయ్యండి. కింద పెద్దక్షరాలతో కుంటాల జలపాతం అని రాయించండి. ఇక్కడి హాస్టళ్లలో ఆదిలాబాద్ పిల్లలు చాలామంది ఉన్నారు, మురిసిపోతారు."

"మురుస్తరా? నవ్వుతరు సారూ," అంది రాజవ్వ.

"బొమ్మే కదమ్మా! ఇంత పట్టింపు ఏంటి?"

"మీ గోదారిని మురికి మోరీ లెక్క ఏసి కింద పేరు రాస్తే మీరు ఊకుంటరా?"

ఆయన నా వైపు తిరిగారు. సాయంత్రానికి తాను చెప్పినట్టు గోడ తయారు కాకపోతే స్టిక్కర్ వాళ్లను పిలిచి మొత్తం కప్పిస్తానని నాతో అన్నారు.

మా పనిలో గోడ ఎవరిదైతే మాట వాళ్లదే. నేను అప్పటిదాకా దాన్ని దాటలేదు. ఆ రోజు దాటాను. హంసలు కావాలంటే ఉంచుతాం, పేరు రాయం. పేరు కావాలంటే హంసలు పోతాయి. రెండూ కావాలంటే స్టిక్కర్ వాళ్లనే పిలుచుకోండి అని చెప్పాను.

పేరు ఉండాల్సిందే, హంసలు తీసెయ్యండి అన్నారు ప్రసాద్ గారు. "ఇప్పుడు అక్కడ నీళ్లు ఎలా ఉంటాయమ్మా?" అని రాజవ్వను అడిగారు.

"వానలకు చాయ్ లెక్క ఎర్రగుంటయ్."

"బాబోయ్, చేతులు కడుక్కునే చోట ఎర్రనీళ్లా?"

"అట్లయితే కార్తీకం ఏయించుండ్రి. అప్పటికి తేరుకొని తెల్లగ దుంకుతయ్."

ఆయన సరేనన్నారు. ఆమె కుర్చీలో కూచుని చెప్పింది, నేను వేశాను. కుంటాలలో నీళ్లు పరదాలా ఒక్కటిగా పడవు. నల్లరాతి మెట్ల మీద పాయలుగా విడిపోతాయి. పాయల మధ్య రాయి కనబడాలి. రాతి సందుల్లో గడ్డి అప్పటికి పసుపు తిరుగుతుంది. గట్టు మీద టేకుచెట్లు, వాటి పెద్ద ఆకులు. కింద మడుగు నీలం కాదు, ముదురాకుపచ్చ. కొబ్బరిచెట్లన్నీ టేకులయ్యాయి. సూర్యుడున్న చోట అడవి వచ్చింది.

సాయంత్రం ప్రసాద్ గారు చూసి, ఇప్పుడు గోడ చల్లగా ఉందన్నారు. పేరు రాయాల్సింది యూసుఫ్ భాయ్. అతను రెండు గీతలు కొట్టి కుంచె నాకిచ్చాడు. "అత్తగారి ఊరు నీది మల్లేశన్నా, నువ్వే రాయి." గోడ మీద నేను రాసిన మొదటి పేరు అది. చివరి అక్షరం గీత కిందికి జారింది. తుడవబోతే రాజవ్వ ఆపింది.

"ఉండనీ. ఆ బండల మీద అందరు సుత జారుతరు."

పేరు లేని సీనరీలో ఏం వేసినా చెల్లుతుంది. పేరు రాశామంటే అది ఎవరో ఒకరి ఊరు. వాళ్లను అడగకుండా కుంచె ముంచకూడదు. నేను నేర్చుకున్నది అంతే. ఆ కార్తీకంలో రాజవ్వతో కుంటాల పోయి, కిందిదాకా దిగి చూశాను. మడుగు రంగు సరిపోయింది. నీటిపాయ ఒకటి తక్కువ వేశాను.

ఆ శుక్రవారం గోడ దగ్గర ఉన్నది ప్రసాద్ గారు, యూసుఫ్ భాయ్, రాజవ్వ, నేను మల్లేశం.