బస్తా మూతి ముడి

అరవైల్లో ఒకసారి జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో నా పక్కసీటు మనిషి చేతులు ఒక్క క్షణం ఊరుకోలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల మూతులు కుట్టేవాడట.

"ఆ పని మిషనుకిచ్చారండి. నన్ను పక్కన నిలబడి చూడమన్నారు. ఎంతసేపని చూస్తామండీ?"

అంతకుముందు ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు ముడి. బస్తా పిగిలితే ముడి చూసి, కుట్టినవాణ్ణి పిలిచేవారట.

"ఇప్పుడు పిగిలితే ఎవర్ని పిలుస్తారండీ?"

అంటూనే నా ఒళ్లోని చిరుగుసంచి లాక్కున్నాడు. జేబులోంచి దబ్బనం, పురికొస తీసి, ఆ కుదుపుల్లోనే కుట్టి ముడేశాడు.

నందిగామలో దిగుతూ, "పిగిలితే నన్ను పిలవండి" అన్నాడు.

పేరు చెప్పలేదు.

ఇప్పటికీ ఎక్కడ బస్తా కనబడినా ముడి కోసం వెతుకుతాను. అన్నీ ఒక్కలాగే ఉంటాయి.