చాచా ఫ్లాపీని అడిగిన కంప్యూటర్

మొన్న ఆదివారం మా కోడలు నా పాత కంప్యూటర్ ముందర కూసోని, అత్తమ్మా ఇది ముసలి ఎద్దు లెక్క నడుస్తాంది, రిజిస్ట్రీల పనికిరాని ఎంట్రీలు వందకు పైన పేరుకున్నయి, ఒక్క బటన్ నొక్కితే అన్నీ పోతయి, నొక్కుతున్న అంటాంటే, మాట పూర్తి కాకముందే నేను వంటింట్ల నుంచి ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్న. పాపం, పిల్ల బెదిరిపోయింది. గంతగనం ఏమున్నదండ్ల అని అడిగింది. నేను ఏం చెప్పుదు? చాయ్ పెడత ఆగు అని చెప్పి వంటింట్లకే పోయిన గాని, స్టవ్వు ముందర నిలబడితే చెవులల్ల మళ్ళ అదే చప్పుడు, కిర్రు కిర్రున, ఇరవై అయిదేండ్ల కిందటిది.

నా ఈడోళ్ళకు చెప్తే అర్థమైతది. ఎనభైలల్ల ఆడపిల్ల పది పాసైతే నల్లగొండల టైపు ఇన్‌స్టిట్యూట్‌ల వేసేటోళ్ళు, లోయరు హయ్యరు పాసైతే ఎక్కడన్న ఒక కుర్చీ దొరుకుతదని. నేను రెండూ పాసైన, కుర్చీ మాత్రం దొరకలే. ఇంట్ల ఊకె కూసుంటే, దేవరకొండల ప్రింటింగ్ ప్రెస్సు నడిపే మా మేనమామ, నా దగ్గరికే రా పిల్లా, సీసం అక్షరాలు పేర్చుడు నేర్సుకుందువు అన్నడు. పోయిన. పెండ్లయింది, కొడుకు పుట్టిండు, అయినా ప్రెస్సు ఇడవలే. తొంభైలు సగం దాటినంక మామ ఎక్కడికో పోయి ఒక కంప్యూటర్ తెచ్చి, దానికి చెక్క డబ్బా చేయించి, ముఖమల్ గుడ్డ కప్పి, నన్ను దాని ముందర కూసోపెట్టిండు. సీసం పెట్టెలు మూలకు పోయినయి. నేను ఆపరేటర్ మేడమ్‌ను అయిన.

ఆ ప్రెస్సుల నాకంటె ముందటి మనిషి చాచా. ఉర్దూ రాత రాసేటోడు. రెల్లు కలం చెక్కుకోని, నల్ల సిరాల ముంచి, కింద చాప మీద మోకాలు మడిచి కూసోని రాస్తుంటే కలం కాయితం మీద కిర్రు కిర్రుమనేది. మక్తల్ నుంచి సుత షాదీ రుక్కాలు వేయించుకునేందుకు వచ్చేటోళ్ళు, ఆయన చేతిరాత కోసం. రుక్కా అంటే వాళ్ళ పెండ్లి కార్డు. పైన దేవుని పేరుతోని మొదలుపెట్టే బిస్మిల్లా, కింద దావత్‌కు పిలిచే మాటలు, రెండు దిక్కుల పెద్దల పేర్లు, అన్నీ ఆయన గీసినయే. కంప్యూటర్ వచ్చినప్పుడు అందరం చాచాకు పని పోతదని భయపడ్డం గని, ఆయన ఏం భయపడలే. తన చాప తెచ్చి నా కుర్చీ పక్కన పరుచుకోని, బేటీ, నా రాతను దీనికి నేర్పుదాం అన్నడు.

ఏడాది పట్టింది. ఆయన పెద్ద పెద్దగ రాసి ఇచ్చుడు, హైదరాబాదుల స్కాన్ చేయించి తెచ్చుడు, నేను మౌసుతోని ఒక్కొక్క వంపు మీద తిరుగుడు. వంపు జర తప్పితే ఆయన తల ఊపుడు, నేను మళ్ళ మొదటికి వచ్చుడు. ఆఖరికి ఒక్క మీట నొక్కితే బిస్మిల్లా, ఇంకోటి నొక్కితే నికాహ్, ఇంకోటి నొక్కితే దావత్, అన్నీ చాచా చేతిరాతల తెర మీద పడ్డయి. ఆ ఫాంటుకు ఆయనే ఖత్ అని పేరు పెట్టిండు. ఖత్ అంటే వాళ్ళల్ల చేతిరాత.

కాని ఒక షరతు పెట్టిండు. అదే మిషన్ మీద మేము సినిమా వాల్‌పోస్టర్లు వేసేది, బ్రాందీ షాపు బోర్డులు వేసేది, చెప్పుల దుకాణం కరపత్రాలు వేసేది. దేవుని పేరున్న రాత చెప్పు బొమ్మ పక్కన పండుకోవాల్నా బేటీ అని అడిగిండు. అందుకని ఆ ఫాంటు కంప్యూటర్ లోపల పెట్టద్దు, ఫ్లాపీలనే ఉండాలె, ఆ ఫ్లాపీ తన దగ్గరనే ఉండాలె. అట్ల సుత కుదురుతది. పట్వారి దగ్గర భూముల లెక్కకు పహాణీ ఉన్నట్టే, మిషన్‌కు రిజిస్ట్రీ అని ఒక పహాణీ ఉంటది, ఏ సామాను ఏ జాగల ఉన్నదో అండ్ల రాసుకుంటది. ఖత్ ఫ్లాపీల ఉన్నది అని అండ్ల ఎక్కించిన. ఇగ రోజూ పొద్దున చాచా కాళ్ళు చేతులు కడుక్కోని, పచ్చ గుడ్డల నుంచి ఫ్లాపీ తీసి, మిషన్ వెయ్యంగనే వచ్చే నల్ల తెర దాటినంక దాని నోట్లె పెట్టేటోడు. పొద్దుమీకి మళ్ళ గుడ్డల చుట్టుకోని ఇంటికి కొంచవోయేటోడు. ఆయనకు తెల్వకుండ ఒక కాపీ చేసుకుంటే నన్నెవరు అడుగుతుండె? చేసుకోలే. మాటిచ్చిన గద.

ఒక చలికాలం, పొద్దుగాల నమాజు చేసి లేవబోయి, చాచా లేవలే. గుండె ఆగింది. మూడో నాడు మామ, నేను పోయినం. చాచీ చేతులు పట్టుకోని ఏడ్చిన. ఫ్లాపీ నా మతికే రాలే.

నాలుగో నాడు ప్రెస్సు తెరిచి కంప్యూటర్ వేసిన. నల్ల తెర దాటింది. ఫ్లాపీ గూడు మీది ఆకుపచ్చ దీపం వెలిగింది, లోపల నుంచి కిర్రు, కిర్రు, కిర్రు. కలం చప్పుడే! పక్కన చాప అట్లనే పరిచి ఉన్నది, చాప మీద ఎవ్వరు లేరు. తెర మీద, డ్రైవ్‌ల డిస్కు పెట్టండి అని ఇంగ్లీషుల పడింది. వద్దని నొక్కిన. మళ్ళ గీకింది, మళ్ళ అడిగింది. మూడోసారికి ఊకున్నది.

అది ఎందుకు గీకుతాందో నాకు తెల్వదా? తెలుసు. ఎక్కించింది నేనే. పహాణీల పేరు ఉన్నది, జాగల సామాను లేదు, వెతుకుతాంది, అంతే. తెలుసుడు వేరు, భయం వేరు. రోజూ చాచా వచ్చే యాళ్లకే ఆ చప్పుడు. రుక్కా కోసం వచ్చినోళ్ళు చప్పుడు విని లోపలికి తొంగిచూసి, చాచా ఉన్నడా అని అడిగి, నాలుక కరుచుకునేటోళ్ళు. ఒకనాడు పట్టపగలు కరెంటు పోయింది. మామ తిననీకె ఇంటికి పోయిండు, నేను బయట అరుగు మీద గాలికి కూసున్న. కరెంటు వచ్చినట్టున్నది, స్విచ్ బంద్ చెయ్యలే గద, మిషన్ దానంతట అదే లేచింది. ఎవ్వరు లేని అర్రల నుంచి కిర్రు కిర్రున రాస్తున్న చప్పుడు. మామ వచ్చేదాంక నేను గడప దాటలే.

మా ఇండ్లల్ల మూడోనాడు పిట్టకు పెడతరు. పిట్ట ముట్టకుంటే పోయినోళ్ళ మనసుల ఏదో మిగిలిందని, వాళ్ళకిష్టమైనయి ఒక్కొక్కటే పెట్టి చూస్తరు. నా బుద్ధి అటే పోయింది. చాచాకు జర్దా పాన్ అంటే పానం. తెల్లారి ఒక పాన్ కట్టించుకొచ్చి, మామ చూడకుండ మిషన్ మీద పెట్టి, చాచా తిను అని మనసుల అనుకోని స్విచ్ వేసిన. గీకింది. ఇంకోనాడు సిరాబుడ్డి కడిగి నింపి పెట్టిన. గీకింది. చాప దులిపి మళ్ళ పరిచిన. గీకింది. ఏమి అడుగుతాందో తెర మీద సాఫుగ రాసి చూపిస్తాంటె, నేను పాన్ పెడుతున్న. నా అంత తెలివిగలది జిల్లాల ఉండదు. చాచా ఇల్లు రెండు గల్లీల అవతలనే. చావు ఇంట్ల సామాను అడుగుడు మంచిగుండదని పోలే. ఇయ్యాల అడుగుత, రేపు అడుగుత అని నాకు నేను చెప్పుకున్న గని, నిజం చెప్పాల్నంటే నాకు భయమైంది, ఆ పచ్చ గుడ్డ ముట్టాల్నంటే.

ఒక దినం ప్రింటర్ బాగుచేసేందుకు హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చిండు. మిషన్ గీకుడు విని నవ్వి, ఏదో సాఫ్టువేరు ఎక్కించి, రిజిస్ట్రీల చెల్లని ఎంట్రీలన్నీ వరుసగ తెర మీద పరిచిండు. మేం తీసేసిన ఆటలు, మార్చిన ప్రింటర్లు, ఎప్పుడో మర్చిపోయిన పేర్లు, పట్వారి పహాణీల సచ్చినోళ్ళ పేర్ల లెక్క. వాటి నడుమ ఫ్లాపీ డ్రైవ్, ఖత్. ఇది ఉండనియ్యి అన్న నేను. ఉంచితే ఏమొస్తది, తీస్తే ఏం పోతదని మామ ఇంజనీరును అడిగిండు.

"అండ్ల ఫైలు లేదు సార్, ఒట్టి పేరే ఉన్నది. పేరుతోని ఏం పని?"

మామకు సుత ఆ చప్పుడు పడుతలేదు, పైకి అనలేదు గని పొద్దున మిషన్ వేసేటప్పుడు ఏదో ఒక సాకు చెప్పి బయటికి పోయేటోడు. తీసెయ్యి బిడ్డా, మనం సుత బతకాలె గద అన్నడు. ఇంజనీరు మౌసు నా దిక్కు జరిపిండు. నేనే నొక్కిన. గోడ గడియారం పదకొండు కొట్టింది.

తెల్లారి మిషన్ వేస్తే చడీచప్పుడు లేదు. దీపం వెలగలే. అబ్బ, ఎంత నిమ్మళమైందో! చెప్పుకునేందుకు సిగ్గుగున్నది గని, ఆ దినం నేను కడుపునిండ తిన్న.

ఎండకాలం ఎల్లిపోతాంటె చాచా బిడ్డ వచ్చింది. సంబంధం కుదిరిందట, రుక్కా వేయించాలె. పేర్లన్నీ ఒక కాయితం మీద రాసి తెచ్చింది. కుర్చీ చూపిస్తే కూసోలే, బాపు చాప మీద కూసున్నది. అబ్బా చిన్నప్పటి నుంచి చెప్పేటోడక్కా, నీ షాదీ రుక్కా నా చేతిరాతనే అని, ఆ రాతతోనే వెయ్యాలె అన్నది. దానికేమమ్మా, పచ్చ గుడ్డల ఫ్లాపీ మీ ఇంట్లనే ఉంటది, తీసుకరా అన్న నేను.

ఆ పిల్ల మొకం మాడిపోయింది. వాళ్ళల్ల ఒక పద్ధతి ఉన్నది. దేవుని పేరున్న కాయితం చెత్తల వెయ్యరు, కాళ్ళ కింద పడనియ్యరు. పాతయి జమచేసి, నీళ్ళల్ల విడుస్తరు. ఠండా చేసుడంటరు. చాచా రాసిన కాయితాలు, స్కాన్‌కు రాసిచ్చిన పెద్ద అక్షరాలు, పచ్చ గుడ్డ మూట, అన్నీ కలిపి చాచీ తన తమ్మునితోని ఖిల్లా కింది పాత బావిల విడిపించింది. ఎప్పుడు అని అడిగిన.

"నలభయ్యో నాడక్కా, పదకొండు గంటలకు. అమ్మీ నలభై దినాలు చూసింది, ప్రెస్సు నుంచి ఎవరన్న వచ్చి అడుగుతరేమోనని. ఎవ్వరు రాలే. ఇగ పనికిరాదేమో అనుకున్నది."

నేను వేళ్ళు మడిచి దినాలు లెక్క పెట్టిన. రెండుసార్లు పెట్టిన. ఇంజనీరు వచ్చిన దినమే. గడియారం కొట్టింది సుత యాదికొచ్చింది.

ఆ పిల్లకు అంతా చెప్పిన, మిషన్ రోజూ అడిగిందని, నేను పాన్ పెట్టిన్నని, ఆఖరికి పేరు సుత తుడిచిన్నని. తిడితే బాగుండు అనిపించింది. తిట్టలే. ఆ ఫ్లాపీ గూడు దిక్కు చూసి, వేరే రాత వద్దక్కా, బిస్మిల్లా జాగ ఖాళీగ ఇడువు, మా వాళ్ళకు తెలుస్తది అన్నది.

రుక్కా చేసే దినం కంప్యూటర్ ముందర కూసోని, మీది జాగ వదిలి, కింది పేర్లు కొడుతున్న. ఎంట్రీ లేదు, తుడిచింది నేనే, గూట్లె డిస్కు లేదు. అయినా దీపం వెలిగింది. కిర్రు, అని ఒక్కసారి గీకి ఊకున్నది. ఎందుకో ఇప్పటికీ తెల్వదు, తెలిసినోళ్ళను అడిగితే తలో కారణం చెప్పిండ్రు. ఆ దినం మాత్రం నాకు భయం కాలే. గూడు మీద చెయ్యి పెట్టి, లేదు చాచా, నేనే పోగొట్టిన అని పైకే అన్న. మళ్ళ ఎన్నడు గీకలే.

ఇప్పటి కంప్యూటర్లకు ఆ గూడే లేదు. ఏది పోయినా చప్పుడు చెయ్యవు, దేనికోసం వెతుకుతున్నయో మనకు చెప్పవు, తమకు తామే ఊడ్సుకోని నున్నగ ఉంటయి. బాగనే ఉన్నది గని, పక్క గల్లీకి పోయి ఒక మాట అడుగుడు మనం సుత వాటి లెక్కనే మరిచిపోయినం. మామ పోయిండు, చాచీ పోయింది, ప్రెస్సు జాగల మొబైల్ దుకాణం పడింది.

చాయ్ తాగినంక బీరువ తీసి, ఆ పిల్ల రుక్కా కోడలు చేతిల పెట్టిన. అటు ఇటు తిప్పి చూసి, పైన ఇంత జాగ ఖాళీగ ఉన్నదేంది అత్తమ్మా, ప్రింటు పడలేదా అని అడిగింది.

"పడలేదు బిడ్డా. మేం పోయి అడగలే."