ఆ టవర్‌కి సున్నమే కావాలన్నారు

మా కింది ఫ్లాట్ అంకుల్ పోయిన నెలలో పోయారు. నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "టీ పెట్టి పిలిస్తే పలకలేదమ్మా" అన్నారు, అంతే. లండన్ శివార్లలో మా స్టాన్‌మోర్ తెలుగువాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. నాకు తెలిసిన ఒక సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆంటీ కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మా ఫ్లాట్ల వెనక మూసేసిన ఆసుపత్రి, దాని పక్కన విక్టోరియా రాణి కాలంనాటి ఇటుకల వాటర్ టవర్ ఉన్నాయి. అంకుల్ ఆ ఆసుపత్రి బిల్డింగులకీ, ఆ టవర్‌కీ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వైటూకే రోజుల్లో కంప్యూటర్ పనికని ఈ దేశం వచ్చిన నాకు ఆ టవర్ ఫ్యాక్టరీ గొట్టంలా కనిపించేది. సాయంత్రం వాకింగుకి లాక్కెళ్లి దాన్ని చూడటం ఆయనే నేర్పారు. పైనున్న ఇనుప ట్యాంకు బరువంతా నాలుగు మూలల లావుపాటి స్తంభాలే మోస్తాయట. కమానుల కింద కిటికీల్లా ఉన్నవి కిటికీలు కావు, ఇటుకతో మూసిన గోడే. ఎర్ర ఇటుకల మధ్య పసుపు ఇటుకల పట్టీలు చూపించి, "నీళ్ల ట్యాంకే కదా అని వదిలెయ్యలేదు చూడు, చీరకి అంచేసినట్టు వేశారు" అని మురిసిపోయేవారు.

పడమటి గోడ దగ్గర మాత్రం ఆయన మాట తగ్గేది. అక్కడ ఇటుకల ముఖాలు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉండేవి. ఎందుకని ఒకరోజు అడిగాను.

"నేను చేసిన పనేనమ్మా. అప్పుడు ఉద్యోగంలో కొత్త. ఇటుకల సందులు సిమెంటుతో పూడుద్దామన్నారు పైవాళ్లు. పాత ఇటుకకి సున్నమే పెట్టాలని నాకు తెలుసు, మా తాతగారు గానుగ సున్నంతో ఇళ్లు కట్టించినాయన. సున్నంలోంచి తడి బయటికి పోద్ది. సిమెంటయితే లోపలే ఉండిపోయి, చలికి గడ్డకట్టి ఇటుకని పగలగొట్టుద్ది. సున్నం అంటే తెల్లవాళ్లు పల్లెటూరోడనుకుంటారని నోరు మూసుకుని సంతకం పెట్టేశాను. వాళ్ల తాతలు కట్టిందీ సున్నంతోనేనని అనలేకపోయాను."

టవర్‌ని ఫ్లాట్లుగా మార్చబోతున్న బిల్డరు మిగతా గోడలకీ సిమెంటే వాడతాడని తర్వాత తెలిసింది. అభ్యంతరాలుంటే మూడు వారాల్లోగా రాయమని కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, టవర్ గేటుకి నోటీసు కట్టింది. "ఈసారి ఊరుకోను. నీ ఇంగ్లీషు బాగుంటుంది, నా పేరున ఈమెయిల్ పంపించు" అని అరగంట చెప్పి నాతో కాగితం మీద రాయించారు. వీకెండ్ టైప్ చేస్తానన్నాను. మూడు వీకెండ్లు గడిచాయి. గడువు దాటిన మర్నాడు మెట్ల మీద ఎదురై, "పంపావా అమ్మా?" అన్నారు. "పంపాను అంకుల్" అనేశాను.

బద్ధకం తప్ప ఇంకో కారణం లేదు. నిజం చెప్పి ఉంటే ఆయనే బస్సెక్కి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి బతిమాలుకునేవారు. ఒక్కరోజే కదా దాటింది, వినేవాళ్లేమో.

నెలరోజులు పోస్టు వచ్చే వేళకి కౌన్సిల్ జవాబు కోసం ఆయన తలుపు దగ్గర నిలబడటం చూశాను. తర్వాత టవర్ చుట్టూ స్కాఫోల్డింగ్ లేచింది, కింద సిమెంటు మిక్సర్ తిరిగింది. "వినలేదు. పోనీలే, మనం చెప్పాం" అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

క్రెమటోరియంలో ఆంటీ నా చెయ్యి పట్టుకుని పక్కనే నిలబెట్టుకున్నారు. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, "టవర్ గురించి ఆయన తరఫున కౌన్సిల్‌కి రాసింది ఈ అమ్మాయే. ఆ తర్వాతే ఆయన మనసు కుదుటపడింది" అని చెప్పారు. వాళ్లు ఆంటీకి పెట్టినట్టే నాకూ నమస్కారం పెట్టారు. నేను తిరిగి పెట్టాను.