నల్ల లిప్‌స్టిక్ చెల్లెలు, పౌడరు పూసుకున్న అక్క

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఉద్యోగం ఇంకో రెండేళ్లు మిగిలి ఉండగా, నేను మదనపల్లెలో రక్షణాధికారిగా ఉన్నాను. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల ఫిర్యాదు రాసుకుని మేజిస్ట్రేటుకి పంపడం ఆ ఉద్యోగం. పుంగనూరు నా పరిధిలోదే. కుప్పంలో పోస్టు ఖాళీగా ఉందని అదీ నా నెత్తినే పెట్టారు. జీపు మాత్రం ఇవ్వలేదు.

ఒక సోమవారం ఉదయం ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు. అక్క లలిత, పుంగనూరులో హార్డ్‌వేర్ అంగడి నడిపే ఆయన భార్య. పట్టుచీర, తలలో మల్లెలు, ముఖం నిండా పౌడరు, పేరంటానికి బయలుదేరినట్టుంది. చెల్లెలు మౌనిక బెంగళూరులో చదువుతోంది. నల్ల చొక్కా, నల్ల లిప్‌స్టిక్, కళ్ల చుట్టూ నలుపు, మెడలో గొలుసులు, ఫారెస్టు గార్డు బూట్లు. మా అటెండరు చంద్రమ్మ నా చెవిలో, "మేడమ్, దయ్యాల పూజలు చేసేటోళ్లు ఇట్లే ఉంటారంట" అని, సంచిలోంచి విభూతి తీసి పెట్టుకుంది.

నేను ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని కదా, అంత తెలివితక్కువగా ఆలోచిస్తానా? ఆ నలుపు చూసి దెబ్బలే అనుకున్నాను. డిఐఆర్, అంటే గృహ సంఘటన నివేదిక ఫారం తీసి, బాధితురాలి పేరు దగ్గర మౌనిక అని రాసేశాను కూడా. ఆ పిల్ల తొంగిచూసి, అది కాటుక మేడమ్, దెబ్బలు తిన్నది మా అక్క అని నెమ్మదిగా చెప్పింది.

అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు. లలితని పక్కన కూర్చోబెట్టి చెల్లెలికి అరగంట క్లాసు పీకాను. మత్తుమందులు తీసుకుంటావా, శ్మశానాలకి పోతావా అని అడిగాను. ఆమె ఓపికగా జవాబిచ్చింది. దీన్ని గోత్ అంటారట. ఒక రకం సంగీతం, దాంతోపాటు వచ్చిన వేషం, దిగులు పాటలు ఇష్టపడేవాళ్ల గుంపు. దయ్యాలతో పనిలేదు. కోడిని కోస్తుంటే చూసినా తనకి కళ్లు తిరుగుతాయట.

ఈలోపు మా ఆనవాయితీ ప్రకారం భర్తకి ఫోన్ చేయించాను. చట్టంలో అలా లేదు. నివేదిక రాసి పంపమనే ఉంది, రాజీ మాటలు కావాలో వద్దో కోర్టు చెప్పాలి. మేం మాత్రం ముందు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇక కొట్టనని ఆయన చేత కాగితం రాయించి, ఆమెకి పసుపు కుంకుమ పెట్టి పంపేవాళ్లం. గాజులు, కుంకుమ చంద్రమ్మ డ్రాయరులో సిద్ధంగా ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకి ఈ పద్ధతి నేర్పింది కూడా నేనే.

మధ్యాహ్నానికి భర్త శ్రీనివాసులు తన పెదనాయనని వెంటబెట్టుకుని దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో యాపిల్ పండ్ల సంచి, నోట్లో నాలుక లేనట్టు వినయం. పెద్దాయన, ఈ నల్లబట్టల పిల్ల ఇంటికి రాకపోకలు పెట్టుకున్నాకే కాపురం చెడిందన్నాడు. అంతకుముందు ఒక దెబ్బ పడినా కోడలు నోరెత్తేది కాదని, అదేదో మెచ్చుకోలులా చెప్పాడు. చెయ్యి చేసుకోని మొగుడు యాడుండాడని నన్నే అడిగాడు. చంద్రమ్మ తలూపింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను రాజీ కాగితం తీశాను.

అప్పుడు మౌనిక తన సంచిలోంచి మేకప్ తుడుచుకునే తడి కాగితం తీసి అక్క వైపు చూసింది. లలిత తలూపాక, ఆమె చెంప మీది పౌడరు తుడిచింది. కంటి కింద నుంచి దవడ దాకా కమిలిపోయి ఉంది. పాత దెబ్బ మీద కొత్త దెబ్బ.

"దినామూ రంగులు పూసుకునేదాన్ని మేడమ్, నాకు తెలుస్తాది. ఇంత మందంగా ఎవురూ ఊరికే పూసుకోరు" అంది.

శ్రీనివాసులు, బాత్రూములో జారిపడిందన్నాడు. పొద్దుటి నుంచి నోరు విప్పని లలిత అప్పుడు మాట్లాడింది. కుప్పంలో వాళ్లమ్మ రెండుసార్లు సర్దిచెప్పి వెనక్కి పంపిందని, ప్రతిసారీ ఇంటికి పోయిన వారానికే మళ్లీ మొదలైందని చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఈతూరి పంపిస్తే, మళ్లా చెప్పుకునేదానికి నేను ఈడికి రాలేను మేడమ్."

కాగితం చింపేశాను. మగవాళ్లని బయటికి పంపి, కొత్త ఫారంలో లలిత పేరు రాసి నివేదిక పూర్తి చేశాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి గాయాల సర్టిఫికెట్ రాయించాను. వరండాలో పెద్దాయన, పచ్చని కాపురం కూల్చినారు మేడమ్ అన్నాడు. యాపిల్ పండ్లు మరిచిపోకుండా తీసుకుపొమ్మన్నాను.

సాయంత్రం అక్కచెల్లెళ్లు కుప్పం బస్సెక్కారు. వాళ్లమ్మకి నేనే ఫోన్ చేసి, ఈసారి సర్దిచెప్పే పని పెట్టుకోవద్దని కాస్త గట్టిగానే చెప్పాను. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. భర్త ఆమె ఉండే చోటికి రాకూడదు, ఫోనూ చేయకూడదు. లలిత ఇప్పుడు కుప్పంలో ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతోంది.

నివేదిక పంపకముందు నేను మళ్లీ ఏ భర్తకీ ఫోన్ చేయలేదు. అంతకుముందు రాజీ కుదిరిందని మూసేసిన ఫైళ్లలోని ఆడవాళ్లెవరూ తిరిగి మా ఆఫీసుకి రాలేదు. రాలేదు కనుక బాగున్నారని పై అధికారులకి రాసి పంపాను. రాలేకపోయారేమో అని ఒక్క ఇంటికీ వెళ్లి చూడలేదు.